విశాఖలో ప్రభుత్వ టీబీ మందుల సేవ: అమ్మతో ఆరు నెలల అనుభవం

అమ్మని అడిగే ఇది రాస్తున్నాను. మొదట వద్దంది. రెండు రోజులాగి "పేర్లు రాయకు, మన వీధి పేరు రాయకు, మిగతాది నీ ఇష్టం" అంది. అందుకని మేము వెళ్లిన అర్బన్ హెల్త్ సెంటర్ పేరు, అంతకుముందు తిరిగిన ప్రైవేటు ఆస్పత్రి పేరు రాయడం లేదు. ఊరు మాత్రం విశాఖపట్నం, ఊళ్లోని పాత పేటల్లో ఒకటి, అంతవరకు చాలు.

ముందే మార్కులు చెప్పేస్తాను. పరీక్షకి, మందులకి ఐదుకి ఐదు. డాక్టరమ్మ మాట తీరుకి నాలుగు. పేషెంటు గుట్టు కాపాడే విషయంలో ఐదుకి ఒకటి, ఆ ఒకటి కూడా ఒక్క ఆశా అక్క వల్ల ఇస్తున్నాను. ఈ మూడో దాని గురించే ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మా అమ్మ మధ్యలో మందులు మానేసింది దానివల్లే.

సంక్రాంతికి ఊరెళ్లి వచ్చాక మొదలైంది దగ్గు. భోగి మంట పొగ పడలేదేమో అనుకున్నాం. వీధి చివర ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గర టానిక్కు, తర్వాత యాంటీబయాటిక్ ఐదు రోజులు, తర్వాత ఇంకో ఐదు రోజులు. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడేది, రాత్రి చెమటకి తలగడ తడిసిపోయేది. అమ్మ సీతమ్మధారలో నాలుగిళ్లలో వంట చేస్తుంది, పొద్దున్న ఆరింటికి వెళ్తే మధ్యాహ్నం రెండింటికి వస్తుంది, కాబట్టి నీరసం పని వల్లే అనుకుంది. జాకెట్లు వదులైపోయి కుట్లు వేసుకుంటుంటే మా ఆవిడ గమనించింది. తూకం చూస్తే నలభై ఒకటి. అంతకుముందు దసరాకి నలభై ఆరు.

నేను గాజువాక ఆటోనగర్‌లో లేతు పని చేస్తాను. సెలవు పెట్టి ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్లాను. రక్తపరీక్షలు, ఎక్స్‌రే, స్కానింగు, మొత్తం రెండు వారాల్లో పన్నెండు వేలు అయ్యాయి. చివరికి డాక్టరుగారు చీటీ మీద "కాక్స్" అని రాసి, ఈ మందులు గవర్నమెంటులో ఉచితంగా ఇస్తారు, వెళ్లండి అన్నారు. టీబీ అన్న మాట ఆయన నోటివెంట రాలేదు, చీటీ మీదా లేదు. బయటికొచ్చాక ఫోనులో వెతికితే తెలిసింది, అది 1882 మార్చి 24న ఈ క్రిమిని కనిపెట్టానని ప్రకటించిన జర్మనీ డాక్టరు రాబర్ట్ కాక్ పేరు అని. పేషెంటుకి తెలియకూడదని, పక్కవాళ్లు చదివినా అర్థం కాకూడదని డాక్టర్లు అలా రాస్తారట. ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ డాక్టరే పేరు చెప్పడానికి వెనకాడితే ఇది ఎంత సిగ్గుపడాల్సిన జబ్బో అని మా అమ్మకి ఆ రోజే మనసులో పడిపోయింది. ఆ చీటీ చూసిన కౌంటర్ అమ్మాయికి మాత్రం వెంటనే అర్థమైంది, మమ్మల్ని లోపలి కుర్చీల్లోంచి లేపి బయట మెట్ల దగ్గర నిలబడమంది. అమ్మ ఏమీ అనలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లి నిలబడింది.

ఛాతీ ఆస్పత్రికి వెళ్దామా అని అడిగితే చస్తే రానంది. వాల్తేరు వైపు ఉన్న ప్రభుత్వ ఛాతీ, అంటువ్యాధుల ఆస్పత్రిని మా పేటలో అందరూ టీబీ ఆస్పత్రి అనే అంటారు, ఆటో వాళ్లు కూడా అంతే. "ఆ గేటు ముందు దిగితే ఎవరో ఒకరు చూస్తార్రా" అంది. ఊళ్లో పెద్దాస్పత్రి కేజీహెచ్ అంటే సరేనంటుంది, ఎందుకంటే కేజీహెచ్‌కి ఏ జబ్బుకైనా వెళ్తారు. ఈ తేడా ఆమె ఒక్క మాటలో చెప్పేసింది, నాకు అర్థం కావడానికి ఆరు నెలలు పట్టింది. చివరికి ఇంటికి దగ్గరలో ఉన్న అర్బన్ హెల్త్ సెంటర్‌కి వెళ్లాం.

ఇక్కడ పరీక్ష గురించి తప్పకుండా చెప్పాలి. కళ్లె పరీక్షకి ఒక డబ్బా ఇచ్చారు, అప్పటికప్పుడు ఒకటి, మర్నాడు పొద్దున్న లేవగానే ఇంకొకటి. నోరు పుక్కిలించి, గట్టిగా ఊపిరి పీల్చి లోపలినుంచి దగ్గి తీయాలి, ఉమ్మి తెస్తే పనికిరాదు, అది కూడా ఆరుబయట తీయాలి, బాత్రూములో కాదు అని లాబ్ ఆయన చేసి చూపించి మరీ చెప్పాడు. ట్రూనాట్ అని చిన్న మిషను ఉంది, గోవాలో కంపెనీ తయారుచేసింది, క్రిమి ఉందో లేదో చెప్పడమే కాకుండా, ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కి అది లొంగుతుందో లేదో కూడా తేలుస్తుంది. మర్నాడు మధ్యాహ్నానికి రిజల్టు వచ్చింది. క్రిమి ఉంది, మందుకి లొంగేదే. రెండు వారాలు, పన్నెండు వేలు పెట్టి తిరిగినా తేలనిది పైసా ఖర్చు లేకుండా ఒకటిన్నర రోజులో తేలిపోయింది. రక్తం తీసి షుగరు, హెచ్‌ఐవీ కూడా చూశారు. హెచ్‌ఐవీ పేరు వినగానే అమ్మ ముఖం పాలిపోయింది. టీబీ వచ్చిన ప్రతి ఒక్కరికీ చేస్తారమ్మా, మిమ్మల్ని అనుమానించి కాదు అని అతనే పక్కకి పిలిచి మెల్లగా చెప్పాడు. అలా పక్కకి పిలిచి చెప్పడం అతనొక్కడికే వచ్చని తర్వాత తెలిసింది. షుగరు ఉందని కూడా అప్పుడే బయటపడింది.

మందులు. రోజూ పరగడుపున మూడు మాత్రలు, బరువుని బట్టి లెక్క. ఒక్కో మాత్రలో నాలుగు మందులు కలిసి ఉంటాయి, రెండు నెలలు అవి, తర్వాత నాలుగు నెలలు మూడు మందులవి. స్ట్రిప్పుకి ఇరవై ఎనిమిది మాత్రలు. అన్నీ ఉచితం. తిండికని నెలకి వెయ్యి రూపాయలు బ్యాంకులో వేస్తారు, నిక్షయ్ పోషణ్ యోజన అంటారు. 2018లో మొదలుపెట్టినప్పుడు ఐదు వందలు ఉండేది, 2024 నవంబరు నుంచి వెయ్యి చేశారు. మాకు ఆధార్ లింకు గొడవ వల్ల ఆలస్యంగా పడింది, కానీ పడింది. కోడిగుడ్లు, వేరుశనగ గుళ్లు, చోడి అంబలి, శుక్రవారం తప్ప మిగతా రోజుల్లో నెత్తళ్లు, ఇదీ మా ఆవిడ పెట్టిన మెనూ. రెండు నెలల్లో మూడు కిలోలు పెరిగింది. టీబీకి మందు ఎంతో తిండి కూడా అంతే అని డాక్టరమ్మ పదే పదే చెప్పేది. అది ఆవిడ సొంత మాట కాదు. జార్ఖండ్‌లో పేషెంట్ల ఇళ్లకి రేషను ఇచ్చి చూస్తే ఇంట్లో మిగతావాళ్లకి టీబీ రావడం దాదాపు సగం తగ్గిందని 2023లో బయటికొచ్చిన అధ్యయనంలో ఉంది.

ఇంత బాగున్న సేవలో తప్పు ఎక్కడ జరిగిందంటే, టీబీ మందులిచ్చే గది దగ్గర మొదలైంది. ఆ గది ఓపీ లైనుకి ఎదురుగా ఉంటుంది, పైన ఎర్ర అక్షరాలతో బోర్డు. పిల్లల టీకాల రోజున తల్లులందరూ ఆ బోర్డుకి ఎదురు బెంచీల మీదే కూర్చుంటారు. మా పేట ఆడవాళ్లే సగం మంది. గదిలోంచి పేరు పెట్టి గట్టిగా పిలుస్తారు. ఆ పిలుపుకి లేచి నాలుగడుగులు వేయడం అమ్మకి ఎంత కష్టమో నేను పక్కనుండి చూశాను. రెండోసారి నుంచి నువ్వే వెళ్లి తెచ్చెయ్ అని నన్ను పంపడం మొదలుపెట్టింది. పేషెంటు రాకపోతే ఎలా, తూకం చూడాలి, కళ్లు మసకగా ఉన్నాయేమో, కాళ్లు తిమ్మిర్లున్నాయేమో అడగాలి కదా అని నన్ను కోప్పడ్డారు. వాళ్లు అడగడంలో న్యాయముంది. ఆమె రాలేకపోవడంలోనూ ఉంది.

ఇక ఇంటి విజిట్. కొత్త కేసు వస్తే ఇంటికొచ్చి చూడటం వాళ్ల డ్యూటీ, ఇంట్లో అందరినీ పరీక్షించాలి కాబట్టి అది కావాలి కూడా. మాది లైను ఇళ్లు, ఐదు వాటాలు, ఒక కుళాయి, రెండు లెట్రిన్లు. ఒకాయన బండి మీద వచ్చి వీధి మొదట్లో కిరాణా కొట్టు దగ్గర ఆపి, "ఇక్కడ టీబీ పేషెంటు ఇల్లు ఎక్కడండీ" అని అడిగాడు. అమ్మ పేరు కూడా చెప్పాడు. కొట్టాయన వేలు చూపించాడు. ఆయన లోపలికొచ్చి చాలా మంచిగానే మాట్లాడాడు, కిటికీలు తెరవమన్నాడు, పాపకి మాత్రలు ఇప్పించాలన్నాడు, ఒక కాగితం రాసిచ్చి వెళ్లిపోయాడు. ఆయన వెళ్లిన గంటకి కుళాయి దగ్గర అమ్మ బిందె పక్కన మిగతా బిందెలు లేవు. సాయంత్రం ఇంటి ఓనరమ్మ గుమ్మంలోకి కూడా రాకుండా బయటనుంచే, "మీ అమ్మని కొన్నాళ్లు ఊళ్లో ఉంచకూడదా బాబూ" అంది. అద్దె పదేళ్లుగా ఒక్క నెల తప్పకుండా కట్టినవాళ్లం.

ఇదే సేవలో పనిచేసే ఆశా అక్క సంగతి దీని పక్కన పెట్టి చూడండి. ఆవిడ మొదటిసారి వచ్చినప్పుడు చేతిలో బీపీ మిషను పట్టుకుని, లైనులో మొదటి వాటాతో మొదలుపెట్టి ఐదు వాటాల్లో అందరికీ బీపీ చూసింది. మా వాటాలో మాత్రం పావుగంట ఎక్కువ కూర్చుంది. తలుపు దగ్గరగా వేసి, "పిన్నీ, అందరికీ షుగరు మందులని చెప్పు, అబద్ధం కూడా కాదు, షుగరు ఉంది కదా" అంది. అప్పటికే కొట్టు దగ్గర జరగాల్సింది జరిగిపోయింది కాబట్టి ఆ మాట పూర్తిగా నిలవలేదు, అయినా అమ్మకి బయట చెప్పుకోడానికి ఒక మాటంటూ దొరికింది. షుగరుకి లేని సిగ్గు దీనికెందుకో నాకు ఇప్పటికీ మింగుడుపడదు. షుగరు మాత్రలు అందరి ముందూ డబ్బాలోంచి తీసి వేసుకుంటారు, పెళ్లి భోజనాల్లో కూడా గర్వంగా చెప్పుకుంటారు, ఒకరికొకరు డోసులు పోల్చుకుంటారు. ఆరు నెలల్లో పూర్తిగా తగ్గిపోయే జబ్బుని మాత్రం దాచుకోవాలి.

బయటివాళ్ల సంగతి సరే, ఇంట్లో అమ్మే తనని తాను వేరు పెట్టుకుంది. కంచం మీద, గ్లాసు మీద మా ఆవిడ గోళ్లరంగుతో చుక్క పెట్టుకుంది. వసారాలో చాప వేసుకుంది. మా పాపకి నాలుగేళ్లు, నాన్నమ్మ దగ్గర తప్ప పడుకోదు. దాన్ని దగ్గరికి రానివ్వకుండా తలుపుకి గొళ్లెం పెట్టుకుంటే ఆ పిల్ల తలుపు అవతల కూర్చుని ఏడ్చేది. కంచాల వల్ల రాదమ్మా, బట్టల వల్ల రాదు, దగ్గినప్పుడు గాలిలో వస్తుంది, కిటికీలు తీసి ఉంచు, మాస్కు పెట్టుకో, రెండు మూడు వారాలు మందు పడితే అంటుకునే శక్తి బాగా తగ్గిపోతుంది అని డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు నేను చెప్పాను. వినలేదు.

ఎందుకు వినలేదో చాలా రోజులకి చెప్పింది. టెక్కలి దగ్గర పల్లెలో వాళ్ల నాన్నకి, అంటే మా తాతకి, క్షయ వచ్చింది. ఆయన్ని ఇంటి వెనక పశువుల పాకలో మంచం వేసి పడుకోబెట్టారు, అన్నం గుమ్మం దగ్గర ఆకులో పెట్టి వచ్చేవారు. అమ్మకి అప్పుడు ఎనిమిదేళ్లు. ఆ ఆకు పట్టుకెళ్లి పెట్టే పని అమ్మదే. "నాన్న నా వైపు చూసేవాడు, నేను పరిగెత్తుకొచ్చేసేదాన్ని" అంది. అంతే చెప్పింది. ఆమె ఇప్పుడు వసారాలో పడుకుంటే ఆ పాకలోనే పడుకున్నట్టు అని నాకు అప్పుడు తెలిసింది.

తాతకి జబ్బు వచ్చేనాటికి మందులు లేవని కాదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం 1915లోనే తెరిచారు, రోగుల్ని ఊరికి దూరంగా మంచి గాలిలో ఉంచడమే అప్పటి వైద్యం. తర్వాత మందులొచ్చాయి. 1956లో మద్రాసులో ఒక పెద్ద పరీక్ష మొదలుపెట్టారు, కొంతమందిని శానిటోరియంలో పెట్టి, ఇంకొంతమందికి ఇరుకిళ్లలోనే, పిల్లాజెల్లల మధ్యే ఉంచి మందులిచ్చారు. రెండు చోట్లా దాదాపు ఒకేలా తగ్గింది, ఇంట్లో ఉన్నవాళ్ల కుటుంబాలకి అదనంగా అంటుకోలేదు, ఎందుకంటే అంటాల్సింది చాలావరకు మందు మొదలుపెట్టకముందే అంటుతుంది. 1959లోనే ఆ ఫలితాలు వచ్చాయి. ప్రపంచమంతా శానిటోరియాలు మూతపడటానికి మన పక్క మద్రాసులో తేలిన ఈ సంగతి ఒక కారణం. అరవై ఏళ్లు దాటినా అది మా లైనులో కుళాయి దాకా రాలేదు. ఇది ఆశా అక్కకి చెప్తే, "అమ్మకి నేను చెప్తాలే తమ్ముడూ" అని వెళ్లి వసారాలో అమ్మ పక్కన అదే చాప మీద కూర్చుని, అమ్మ చుక్క గ్లాసులోనే మంచినీళ్లు తాగింది. ఆ రోజు రాత్రి అమ్మ గొళ్లెం తీసింది. అప్పటికి మందులు మొదలై ఐదు వారాలు.

ఇంకో సంగతి రాయడానికి కాస్త ఇబ్బందిగా ఉన్నా రాస్తాను, ఎందుకంటే దీని గురించి మాకు ఎవరూ ముందు చెప్పలేదు. ఈ మందు వేసుకుంటే మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తుంది. రిఫాంపిసిన్ రంగు అది, ఏ ప్రమాదమూ లేదు. కానీ ఐదు వాటాలకి రెండు లెట్రిన్లు ఉన్నచోట మొదటి రోజు అది చూసి అమ్మ రక్తమనుకుని భయపడింది, తర్వాత సంగతి తెలిశాక ఎవరి కంటా పడకూడదని బకెట్లు బకెట్లు పోసేది, నీళ్లు రాని పూట వెళ్లకుండా ఆపుకునేది. ఇలాంటివి ఏ పోస్టరు మీదా ఉండవు. మందు ఇచ్చే మొదటి రోజే ఆడవాళ్లని పక్కకి పిలిచి ఈ ఒక్క మాట చెప్తే చాలు. ఇంకోటి, మాత్రల స్ట్రిప్పు ఎవరైనా చూస్తారని అన్నీ ఊడదీసి వక్కల డబ్బాలో పోసుకుంది. గాలి, చెమ్మ తగిలితే మందు పాడవుతుంది, స్ట్రిప్పులోంచి వేసుకునే ముందే తీయాలి అని సెంటర్‌లో ఫార్మసిస్టు కోప్పడ్డాడు. ఆయన కోపం మందు గురించి. అమ్మ భయం మందు గురించి కాదు.

మార్చి 24న ప్రపంచ టీబీ దినమని సెంటర్‌లో కార్యక్రమం పెట్టారు. దాతలు ఇచ్చిన పోషకాహారం సంచులు, పప్పులు, నూనె, బెల్లం, పంచుతామని పిలిచారు. నిక్షయ్ మిత్ర అని 2022 సెప్టెంబరులో మొదలైన పథకం, ఎవరైనా పేషెంటుని దత్తత తీసుకుని తిండి సాయం చేయొచ్చు, చాలా మంచి ఆలోచన. కానీ సంచి పట్టుకుని వరుసగా నిలబడమన్నారు, వెనక బ్యానరు, ముందు ఫోటో. అమ్మ వెనక్కి తిరిగి వచ్చేసింది. సంచి తెచ్చుకోలేదు. ఆ ఫోటో అవసరం ఎవరిదో నాకు తెలియదు, పేషెంటుది మాత్రం కాదు. దయచేసి సంచులు ఇవ్వండి, ముఖాలు తీయకండి.

ఇక నేను సమాధానం చెప్పాల్సిన భాగం. అమ్మ వంట చేసే నాలుగిళ్లకి మేము నిజం చెప్పలేదు. టైఫాయిడ్ అని చెప్పి మూడు వారాలు మానిపించాను, తర్వాత డాక్టరమ్మ పర్వాలేదన్నాకే పంపాను, కాబట్టి ఆ తర్వాత వాళ్లకి ఏ హానీ లేదు. కానీ ముందు? సంక్రాంతి నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా అమ్మ దగ్గుతూనే ఆ వంటిళ్లలో ఉంది. వాళ్లకి చెప్పి ఉంటే, దగ్గున్నవాళ్లు, ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్లు ఒకసారి చూపించుకునేవారు. చెప్పాల్సింది అని డాక్టరమ్మ అంది, నాకూ తెలుసు. నెలకి పద్నాలుగు వేలు పోతాయని, ఇక ఆ అపార్టుమెంట్లలో ఎవరూ పనికి పిలవరని భయపడ్డాను. తప్పే చేశాను. ఆ తప్పు ఎక్కడినుంచి వచ్చిందో కూడా చెప్తున్నాను.

మే నెలలో ఒక ఇంట్లో తెలిసింది, ఎలా తెలిసిందో ఇప్పటికీ తెలియదు. ఫోను చేసి, రేపటినుంచి రావద్దు, మిగిలిన జీతం వాచ్‌మన్ దగ్గర పెడతాం, తీసుకోండి అన్నారు. పదకొండు రోజుల జీతం వాచ్‌మన్ దగ్గర లేదు. అమ్మ ఇంట్లో ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేసింది. మందులు వేసుకుంటుంటేనే కదా అందరికీ తెలుస్తోంది అని ఆమె లెక్క. ఒంట్లో బాగానే ఉంది, దగ్గు లేదు, ఇంకెందుకు అని కూడా. నేను స్ట్రిప్పులు లెక్కపెట్టి చూస్తే ఇరవై ఏడు మాత్రలు ఎక్కువున్నాయి. తొమ్మిది రోజులు.

అప్పుడు నాకు వచ్చిన టెన్షన్ మాటల్లో చెప్పలేను. ఇలా మధ్యలో ఆపితే క్రిమి మందుకి లొంగకుండా మొండికేస్తుందని, అప్పుడు వేరే మందులు, ఇంకా కఠినమైన వైద్యం అని మొదటి రోజే చెప్పారు. రాత్రి పది దాటాక ఆశా అక్కకి ఫోను చేశాను. తిట్టలేదు. పొద్దున్నే సెంటర్‌కి తీసుకురమ్మంది, ముందు గుమ్మం వైపు కాదు, మందుల షెడ్డు పక్కనుంచి వెనక గుమ్మానికి. అలాంటి దారి ఒకటుందని మాకు మూడు నెలలుగా ఎవరూ చెప్పలేదు. డాక్టరమ్మ మళ్లీ కళ్లె పరీక్ష చేయించింది, క్రిమి లేదు. తప్పిన రోజులు చివర్లో కలిపి పూర్తి చేయాలంది. అమ్మ చెయ్యి పట్టుకుని, "మీరు మానేస్తే వాళ్లు గెలిచినట్టు కాదు, జబ్బు గెలిచినట్టు" అంది. నాలుగు మార్కులు ఆ మాటకే ఇచ్చాను.

మిగతా మూడిళ్లలో ఒకావిడ దగ్గరికి, రిటైరైన టీచరుగారు, నేనే వెళ్లి అంతా చెప్పేశాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ముందే చెప్పాల్సింది బాబూ, మా మనవడు వచ్చి వెళ్లాడు ఫిబ్రవరిలో" అంది. ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. వారంలో ఇంట్లో అందరూ చూపించుకున్నారు, ఎవరికీ ఏమీ లేదు. అమ్మని మానిపించలేదు. పైగా మధ్యాహ్నం రెండు గుడ్లు తినేదాకా గిన్నెలు ముట్టుకోనివ్వలేదు. మిగతా రెండిళ్లకి ఇప్పటికీ చెప్పలేదు. చెప్పాలి.

మా పాపకి టీబీ లేదని తేల్చాక ముందుజాగ్రత్త మాత్రలు ఆరు నెలలు ఇచ్చారు, ఐదేళ్ల లోపు పిల్లలకి ఇవి తప్పనిసరిగా వేయించాలి. మా అత్తగారు అనకాపల్లి నుంచి వచ్చి పిల్లని తీసుకెళ్లిపోతానంటే మా ఆవిడ పంపలేదు. ఆ విషయంలో ఆవిడకి నేను జన్మంతా రుణపడి ఉంటాను.

సెప్టెంబరు మొదటి వారంలో మందులు అయిపోయాయి. తూకం నలభై ఏడున్నర. చివరి పరీక్షలో కూడా క్రిమి లేదు, నయమైందని కాగితం మీద రాసిచ్చారు. అమ్మ ఆ కాగితం పెట్టెలో అడుగున దాచింది. గోళ్లరంగు చుక్క గ్లాసు మీద ఇంకా ఉంది, మా పాప అదే కావాలని దాంట్లో పాలు తాగుతోంది.

ఇంకొకటి జరిగింది. దసరాకి ముందు, రాత్రి పదకొండింటికి, లైనంతా లైట్లు ఆరిపోయాక తలుపు మెల్లగా కొట్టారు. ఇంటి ఓనరమ్మ. మూడు వారాలుగా దగ్గట, సాయంత్రం జ్వరమట. కొడుకూ కోడలికి చెప్పలేదట. "ఆ పరీక్షకి ఎన్నింటికి వెళ్లాలమ్మా" అని అమ్మని అడిగింది. ఊళ్లో ఉండమన్న మనిషి. నాకు కోపం వచ్చింది, నిజంగా. అమ్మ లోపలికి రమ్మని, కూర్చోబెట్టి, డబ్బాలోకి కళ్లె ఎలా తీయాలో మొత్తం చెప్పింది. మర్నాడు ఎనిమిదిన్నరకి ఆటోలో తనే తీసుకెళ్లింది. రిజల్టు ఏమొచ్చిందో ఇక్కడ రాయను, అది ఆవిడ విషయం.

వెళ్లేవాళ్లకి: ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు జిరాక్సులు రెండేసి పట్టుకెళ్లండి, ఖాతాకి ఆధార్ లింకు ముందే చూసుకోండి. ప్రైవేటు డాక్టరు దగ్గరే చూపించుకుంటున్నా మందులు, డబ్బులు ప్రభుత్వం నుంచి అడగొచ్చు, టీబీ కేసు చూసిన ప్రైవేటు డాక్టరు ప్రభుత్వానికి తెలపాలని 2012 నుంచే రూలు ఉంది. ఇంటి దగ్గర అడగడానికి ఎవరూ లేకపోతే 1800-11-6666కి ఫోను చేయండి, డబ్బులు పడవు. ఇంటికి విజిట్‌కి వచ్చేవాళ్ల నంబరు ముందే తీసుకుని, వచ్చే ముందు ఫోను చేయమని, వీధిలో అడగొద్దని గట్టిగా చెప్పండి, అది మీ హక్కు. టీకాల రోజు వెళ్లకండి, రద్దీ.

బోర్డు తీసేసి "మందుల గది" అని రాయమని కాగితం రాసిచ్చాను. పైవాళ్లకి పంపామన్నారు. పోయిన సోమవారం వెళ్లి చూశాను, ఇంకా అదే ఉంది. అంతవరకు ఏ సెంటర్‌కి వెళ్లినా వెనక గుమ్మం ఉందా అని అడగండి. మా దగ్గర తొమ్మిది లోపు వెళ్లి ఫార్మసిస్టుని అడిగితే తాళం తీస్తారు.